ఫొటోలో అంగడి – ఎదురుగా అంగడి

కావలికి తూర్పున, సముద్రం వైపు ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో పదిమంది ఆడవాళ్లు కలిసి పొదుపు సంఘం పెట్టుకున్నారు. నెలనెలా పొదుపు చేశారు. బ్యాంకులో అప్పు తీసుకున్నారు. కంతులు తప్పకుండా కట్టారు. చేతిలో కొంత డబ్బు నిలిచింది.

"ఈ డబ్బుతో ఏం చేద్దాం?" అని సమావేశంలో మాట వచ్చింది.

"కావలిలో కిరాణా అంగడి పెడదాం. మన పక్క ఊళ్లవాళ్లంతా సరుకులకు కావలికే గదా పోయేది!" అంది ఒకటో లీడరు.

అందరికీ ఆ మాట నచ్చింది. అంగడి పెట్టాలంటే గది కావాలి. ట్రంకు రోడ్డు మీద అద్దెలు ఎక్కువ. ఆ రోడ్డుకు దగ్గరగా ఒక సందులో గది ఖాళీగా ఉందని మధ్యవర్తి ఒకాయన చెప్పాడు. గది ఫొటోలు మూడు సెల్లుకు పంపాడు.

అందరూ సెల్లు చుట్టూ మూగారు. ఫొటోలో నేల తళతళలాడుతోంది. గోడలు తెల్లగా ఉన్నాయి. చివరి గోడ ఎంతో దూరంగా కనిపిస్తోంది.

"అబ్బ! ఎంత పెద్ద గది! ఇందులో పెండ్లి చేయొచ్చు" అంది రెండో లీడరు.

అద్దె నెలకు 6,000 రూపాయలు. అడ్వాన్సు ఆరు నెలల అద్దె. అంటే 36,000 రూపాయలు. పదిమంది పంచుకుంటే ఒక్కొక్కరికి 3,600 పడుతుంది.

"సాయంత్రంలోగా అడ్వాన్సు పంపండమ్మా. ఇంకొకరు కూడా అడుగుతున్నారు" అని మధ్యవర్తి తొందరపెట్టాడు.

ఒకటో లీడరు డబ్బు పంపడానికి సిద్ధమైంది.

బండలు లెక్కపెట్టిన వదిన

ఆ సంఘంలో బేల్దారి పనికి పోయే ఆమె ఒకామె ఉంది. అందరూ ఆమెను వదినా అని పిలుస్తారు. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. లెక్కలు కూడా నేర్చుకుంది.

"ఆ సెల్లు ఒకసారి ఇట్టా ఇయ్యండి" అంది వదిన. రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసింది. నేల మీద పరిచిన బండలను వేలితో లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు. అడ్డంగా నాలుగు బండలే ఉండాయి. ఇట్టాంటి బండలు నేను వందలు మోశాను. ఇది రెండడుగుల బండ. నాలుగు రెళ్లు ఎనిమిది. గది వెడల్పు ఎనిమిది అడుగులే."

"ఎనిమిది అడుగులా! మరి అంత పెద్దగా కనిపిస్తా ఉందే!" అని అందరూ ఆశ్చర్యపోయారు.

"అదే నాకూ అర్థం కాలా. పోయి చూద్దాం. చూసినాక డబ్బు కట్టొచ్చు."

"ఈలోపల గది చేజారిపోతేనో?" అంది రెండో లీడరు.

"గది పోతే ఇంకో గది దొరుకుతుంది. డబ్బు ఇరుక్కుంటే ఎవరిస్తారు?" అంది వదిన.

ఆ మాటకు ఎవరూ బదులు చెప్పలేదు. మరునాడు పొద్దున్నే నలుగురు ఆటో ఎక్కి కావలికి పోయారు. వదిన కొలిచే టేపు చేత పట్టుకుంది.

ఫొటోలో లేని గోడ

గది తెరిచారు. వదిన టేపు పెట్టి కొలిచింది. వెడల్పు ఎనిమిది అడుగులు. పొడవు పద్నాలుగు అడుగులు.

"రెండు పక్కలా అడుగున్నర అరలు పెడితే మూడడుగులు పోతుంది. మధ్యలో మిగిలేది ఐదు అడుగులు. అందులోనే కాటా, బల్ల, మనిషి. ఇక బియ్యం బస్తాలు ఎక్కడ దించేది?" అంది వదిన.

ఒకటో లీడరు ఒక గోడ మీద చెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా తగిలింది. ఆ గోడకు చెమ్మ ఉంది. సున్నం పొరలు పొరలుగా లేచిపోతోంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి చెమ్మ గోడలు తొందరగా పాడవుతాయి. అక్కడ పప్పు పెడితే పురుగు పడుతుంది. కారం పెడితే గడ్డ కడుతుంది.

"ఈ గోడ ఫొటోలో లేదే!" అంది ఒకటో లీడరు.

నిజమే. ఫొటో తీసిన మనిషి ఆ గోడకు వీపు పెట్టి నిలబడ్డాడు. అందుకే ఆ గోడ ఫొటోలో పడలేదు. మిగిలిన మూడు గోడలే పడ్డాయి.

వెనక మురుగు కాలువ ఉంది. గది నిండా వాసన. ఆ వాసన కూడా ఫొటోలో లేదు. ఏ ఫొటోలోనూ వాసన ఉండదు.

మధ్యవర్తిని అడిగారు. "నేను అబద్ధం చెప్పలేదమ్మా. ఫొటోలో ఉన్నది ఈ గదే గదా!" అన్నాడు ఆయన.

ఆయన మాటలో తప్పు లేదు. ఫొటోలో ఉన్నది ఆ గదే. కాని ఫొటో చూసి వీళ్లు మనసులో కట్టుకున్న గది వేరు.

కెమెరా ఏం చేస్తుంది?

మన కన్ను ఒకలాగా చూస్తుంది. కెమెరా ఇంకోలాగా చూస్తుంది. ఇప్పటి సెల్లులు కొన్నింటికి వెనక రెండు మూడు గాజు కళ్లు ఉంటాయి. వాటిలో ఒక కన్ను చాలా వెడల్పుగా చూస్తుంది. దానితో గది మూలలో నిలబడి ఫొటో తీస్తే దాదాపు గది అంతా ఒకే ఫొటోలో పడుతుంది. దగ్గర ఉన్నవి పెద్దగా పడతాయి. దూరంగా ఉన్నవి చిన్నగా పడతాయి. అందువల్ల ఎదుటి గోడ ఎంతో దూరంగా ఉన్నట్టు తోస్తుంది. చిన్న గది హాలు మాదిరి కనిపిస్తుంది.

వెలుతురు కూడా మాయ చేస్తుంది. దీపాలన్నీ వేసి తీస్తే పాత గోడ కూడా కొత్తగా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా నిలబడి తీస్తే మంచి గది కూడా గుహలాగా ఉంటుంది.

ఖాళీ గదిలో కొలత తెలియదు. మనిషి నిలబడి ఉంటే, మంచమో కుర్చీయో ఉంటే మన కంటికి కొలత దొరుకుతుంది. అవి లేకపోతే తలుపు చూడాలి. నేల బండలు లెక్కపెట్టాలి. వదిన చేసిన పని అదే.

గుహలాంటి గది

నాలుగు రోజులకు ఇంకో గది సంగతి తెలిసింది. దాని ఫొటో ఒకటే వచ్చింది. చీకటి గుయ్యారంలాగా ఉంది. ఒక మూల విరిగిన బల్ల పడి ఉంది.

"ఇదేం గది! దయ్యాల కొంప మాదిరి ఉంది. వద్దు" అంది రెండో లీడరు.

సంఘంలో అందరికంటే పెద్దామె నవ్వింది. "మొన్న బాగుందని మోసపోబోయినారు. ఇప్పుడు బాగాలేదని పోగొట్టుకుంటారా? అదీ ఫొటోనే, ఇదీ ఫొటోనే" అంది.

పోయి చూశారు. లోపల నిలబడి, వాకిటి వైపు తిరిగి ఫొటో తీశారు. బయటి ఎండ కెమెరా కంట్లో పడి లోపలంతా నల్లగా వచ్చింది. గది మాత్రం పొడిగా ఉంది. వెడల్పు పది అడుగులు. పొడవు పదిహేను అడుగులు. నాలుగు గోడలనూ చేత్తో తడిమి చూశారు. ఎక్కడా చెమ్మ లేదు. వాకిట్లో ఆటో నిలబడే చోటు ఉంది.

లెక్క చూద్దాం.
మొదటి గది: 8 × 14 = 112 చదరపు అడుగులు. అద్దె 6,000 రూపాయలు.
రెండో గది: 10 × 15 = 150 చదరపు అడుగులు. అద్దె 4,500 రూపాయలు.
మొదటి గదిలో చదరపు అడుగుకు 53 రూపాయల పైన పడుతుంది. రెండో గదిలో 30 రూపాయలే పడుతుంది.

రెండో గదినే తీసుకున్నారు. సున్నం కొట్టారు. రెండు ట్యూబులైట్లు పెట్టారు. గుహ పోయి అంగడి అయింది.

అంగడిని ఎట్టా సర్దాలి?

అంగడి లోపల సర్దే తీరును బట్టి కూడా జనం ఒక అభిప్రాయానికి వస్తారు. పాత కాలం అంగట్లో శెట్టి బల్ల వెనక కూర్చునేవాడు. మనం అడిగింది పొట్లం కట్టి ఇచ్చేవాడు. సరుకును మనం తాకేది లేదు. మన చేతులతో మనమే సరుకు తీసుకునే అంగళ్లు తర్వాత వచ్చాయి. అమెరికా దేశంలో మెంఫిస్ అనే ఊళ్లో 1916లో పిగ్లీ విగ్లీ అనే అంగడి తెరిచారు. అందులో జనం లోపలికి పోయి, అరల మధ్య నడిచి, కావలసింది తామే తీసుకున్నారు. బయటికి వచ్చే చోట డబ్బు కట్టారు. ఇప్పటి సూపర్‌మార్కెట్లు నడిచేది ఈ పద్ధతిలోనే.

అంగడి ఫొటోకు ఎంత బలం ఉంటుందో ఒక సంగతి చెబుతుంది. 1989 సెప్టెంబరులో రష్యా నాయకుడు యెల్ట్‌సిన్ అమెరికాకు పోయాడు. హూస్టన్ దగ్గర రాండాల్స్ అనే మామూలు కిరాణా అంగడిని చూశాడు. ఆ రోజుల్లో ఆయన దేశంలో సరుకుల కోసం జనం బారులు తీరి నిలబడేవారు. ఇక్కడ అరల నిండా సరుకులు. ఆయన చేతులు పైకెత్తి ఆశ్చర్యపోయాడు. ఆ ఫొటో పత్రికలో పడింది. ఎన్నో ఏళ్లు గడిచినా జనం ఆ ఫొటోను గుర్తు చేసుకుంటున్నారు. అది నిజమైన ఫొటోనే. ఆ అంగడిని ఆయన కోసం అలంకరించలేదు. కాని ఆ ఫొటో కూడా అంతా చెప్పదు. ఆ సరుకులు కొనే శక్తి ఆ ఊళ్లో ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది అందులో కనిపించదు.

మన దేశంలో ఇంకో సంగతి జరిగింది. 2001లో కిశోర్ బియానీ అనే వ్యాపారి బిగ్ బజార్ అంగళ్లు మొదలుపెట్టాడు. అద్దంలాగా నీటుగా, విశాలంగా సర్దితే ఫొటోకు బాగుంటుంది. కాని మామూలు జనం అది చూసి "ఇక్కడ ధరలు ఎక్కువేమో" అని వెనక్కి పోతారని ఆయన గ్రహించాడు. అందుకే కావాలనే సంత మాదిరి సందడిగా, ఇరుకుగా సర్దించాడు. బియ్యం, పప్పులు చేత్తో తాకి చూసేటట్టు పెట్టించాడు.

అందమైన అంగడి అంటే ఖరీదైన అంగడి అని మనం అనుకుంటాం. గందరగోళంగా ఉంటే చవకైన అంగడి అనుకుంటాం. రెండూ తప్పు కావచ్చు. ధర తెలిసేది చీటీ చదివితేనే. తూకం తెలిసేది కాటా చూస్తేనే.

మన అంగడి ఫొటో

అంగడి తెరిచే రోజు దగ్గరపడింది. కరపత్రం అచ్చు వేయించాలి. అందులో అంగడి ఫొటో ఉండాలి. తెచ్చిన సరుకు సగం అరలకే సరిపోయింది. మిగతా సగం ఖాళీ.

ఒకటో లీడరు కొడుకు కాలేజీలో చదువుతాడు. "దానికేముందమ్మా! ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి అరల నిండా పేరుద్దాం. ఫొటో తీసినాక తీసేద్దాం. కొంచెం రంగులు కూడా మారుస్తాను. పెద్ద అంగడి మాదిరి ఉంటుంది" అన్నాడు.

కొందరికి ఆ మాట నచ్చింది. "అందరూ చేసేది అదే గదా. మనమొక్కరమే ఎందుకు వెనకబడాలి?" అన్నారు.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మొన్న ఆ గదిలో నిలబడినప్పుడు మనకు ఎట్టా అనిపించింది?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆటో చార్జీ పెట్టుకొని, బిడ్డను చంకనేసుకొని ఒకామె వస్తుంది. ఫొటోలో ఉన్న సరుకు అరలో లేకపోతే ఆమెకూ అట్టానే అనిపిస్తుంది. ఆమె మళ్లీ రాదు. ఇంకో నలుగురికి చెబుతుంది" అంది వదిన.

"సగం ఖాళీ అరలు చూపిస్తే అసలు ఎవరన్నా వస్తారా?" అని రెండో లీడరు అడిగింది. ఆ ప్రశ్న కూడా సరైనదే.

అప్పుడు పెద్దామె ఉపాయం చెప్పింది. "ఖాళీ అరలు చూపించబళ్లేదు. అబద్ధం పెట్టెలూ పేర్చబళ్లేదు. ఉన్న సరుకంతా ఒక పక్కకు సర్దండి. ఆ పక్కనే ఫొటో తీయండి. ఏమేం సరుకులు ఉండాయో ఫొటో కింద రాయండి. ధరల పలక కూడా పడేటట్టు తీయండి."

అట్లాగే చేశారు. కాటా పక్కన వదిన నిలబడింది. పక్కన మనిషి ఉంది కాబట్టి అంగడి ఎంత ఉందో చూసేవాళ్లకు తెలుస్తుంది. కింద రాశారు: బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, నూనె, చింతపండు, ఎండుమిరప, బెల్లం, సబ్బులు. మిగతా సరుకులు వచ్చే నెల.

అంగడి తెరిచారు. మొదటి వారం బేరాలు తక్కువే జరిగాయి. మెయిన్ రోడ్డు మీది పెద్ద అంగడి రంగురంగుల కరపత్రాలు పంచింది. జనం అటు పోయారు. సంఘం వాళ్లకు దిగులు పుట్టింది. పదో రోజు ఒక ముసలామె కరపత్రం చేత పట్టుకొని వచ్చింది. ఫొటో చూసింది. అంగడి చూసింది. వదినను చూసింది.

"నువ్వే గదమ్మా ఇందులో ఉండేది! ఫొటోలో ఎట్టా ఉందో అంగడీ అట్టనే ఉంది" అని రెండు కిలోల కందిపప్పు తూయించుకుంది. మర్నాడు కోడలిని పంపింది.

పాకెట్టు మీద బొమ్మ

అంగడికి ఉన్నట్టే పాకెట్టుకూ ఫొటో ఉంటుంది. బిస్కెట్ల పాకెట్టు మీద జీడిపప్పులు రాలుతూ ఉంటాయి. పండ్ల రసం డబ్బా మీద పండిన మామిడికాయ ఉంటుంది. లోపల ఎంత ఉంది? బొమ్మ చెప్పదు. అక్షరాలు చెబుతాయి. అందుకే పాకెట్టును తిప్పి వెనక చదవాలి.

వెనక చూడవలసినవి ఇవి:
1. నికర బరువు ఎంత?
2. గరిష్ఠ చిల్లర ధర ఎంత? అన్ని పన్నులూ ఈ ధరలోనే కలిసి ఉంటాయి. పాకెట్టు మీది ధర కంటే ఎక్కువ తీసుకోకూడదు.
3. ఎప్పుడు తయారయింది? ఎప్పటిలోగా వాడాలి?
4. ఏమేమి కలిపారు? ఎక్కువగా కలిపిన దాని పేరు ముందు ఉంటుంది.
5. తయారు చేసినవారి పేరు, చిరునామా ఉన్నాయా?
6. ఆహార లైసెన్సు నంబరు ఉందా? అందులో 14 అంకెలు ఉంటాయి.
7. శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క ఉంటుంది.

లెక్క చూద్దాం. ఒక పాకెట్టు పెద్దగా ఉబ్బి ఉంది. దాని మీద మంచి ఫొటో ఉంది. బరువు 180 గ్రాములు, ధర 45 రూపాయలు. రెండోది చిన్నగా ఉంది. బరువు 200 గ్రాములు, ధర 48 రూపాయలు. మొదటి దానిలో గ్రాముకు 25 పైసలు పడుతుంది. రెండో దానిలో 24 పైసలే పడుతుంది. చిన్నగా కనిపించే పాకెట్టే చవక.

మోసం జరిగితే

వినియోగదారుల కోసం మన దేశంలో మొదట 1986లో చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనలు ఇవ్వడం ఈ చట్టం ప్రకారం నేరం. ఫొటో కూడా ప్రకటనలో భాగమే. అట్లాంటి ప్రకటన ఇచ్చినవారికి మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

బిల్లు దాచుకోవాలి. కరపత్రం కూడా దాచుకోవాలి. ముందు అంగడివారిని అడగాలి. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు కూడా చేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు.

గుర్తుంచుకుందాం

- ఫొటోలో ఉన్నది నిజం కావచ్చు. కాని ఫొటోలో లేనిది కూడా నిజమే.
- ఫొటో తీసిన మనిషి వెనక ఏముందో అడగాలి.
- తలుపు, బండలు, మనిషిని బట్టి కొలత చూసుకోవాలి.
- అందంగా ఉందని నమ్మకూడదు. అందంగా లేదని తోసిపుచ్చకూడదు.
- తొందరపెట్టి అడిగితే డబ్బు ఇవ్వకూడదు. చూసి, కొలిచి, చదివి ఇవ్వాలి.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. సంఘం వాళ్లు ఆ సాయంత్రమే అడ్వాన్సు పంపి ఉంటే ఏం జరిగేది?
2. మధ్యవర్తి అబద్ధం చెప్పాడా? మీరేమంటారు?
3. ఖాళీ పెట్టెలు పేర్చి ఫొటో తీయడం తప్పా? ఎందుకు?
4. ఫొటో చూసి మీరు ఏదైనా కొన్నారా? అది ఫొటోలో ఉన్నట్టే ఉందా?

చేసి చూడండి

మీ వీధిలోని ఒక అంగడిని రెండు ఫొటోలు తీయండి. ఒకటి వాకిటి దగ్గర నిలబడి తీయండి. ఒకటి లోపల నిలబడి వాకిటి వైపు తీయండి. అంగడి తెలియని వాళ్లకు ఆ రెండూ చూపండి. "ఇవి ఎన్ని అంగళ్లు?" అని అడగండి. వాళ్లు చెప్పింది మీ నోటుపుస్తకంలో రాయండి.

కొత్త మాటలు

మధ్యవర్తి: ఇద్దరి మధ్య బేరం కుదిర్చే మనిషి
కరపత్రం: ఊళ్లో పంచే అచ్చు కాగితం
నికర బరువు: పాకెట్టు బరువు తీసేసి, లోపలి సరుకు బరువు
గరిష్ఠ చిల్లర ధర: ఇంతకంటే ఎక్కువ తీసుకోకూడని ధర
వినియోగదారు: వస్తువు కొని వాడుకునే మనిషి